ఒకే పేరు మీద ఇద్దరు

దయావతి టీచరు జీవితంలో ఒక్కసారి కూడా కంప్యూటర్ గేము ఆడలేదు. ఆడాలన్న సరదా కూడా ఆమెకు లేదు. అయినా పటేల్‌గూడలోని ఆమె ఇంట్లో, ముందుగది మూలన ఉన్న పాత కంప్యూటర్‌లో ఒక ఆటల కంపెనీ లాంచర్ పొద్దస్తమానం తెరిచే ఉంటుంది. బడి నుంచి రాగానే చెప్పులు విడిచి, చేతిసంచి గోడకు తగిలించి, ఆమె ముందుగా వెళ్లి చూసేది దాన్నే. పిల్లలు చెడిపోతున్నారని ఊరంతా మొత్తుకుంటుంటే తన ఇంట్లో టీచరమ్మే చెడిపోయిందని భర్త ఏలీయా ఆటో స్టాండులో నవ్వుతూ చెప్పుకునేవాడు.

లాంచర్ అంటే ఏమిటో తెలియని పాఠకులు ఉంటారు, అందులో తప్పేమీ లేదు. ఒక కంపెనీ తయారుచేసిన ఆటలన్నిటికీ అదొక గుమ్మం. ఆ గుమ్మం దాటే ఆటలోకి వెళ్లాలి. అందులో ఒక పక్కన మన స్నేహితుల పేర్లు వరుసగా ఉంటాయి. ఎవరు వచ్చి ఉంటే వాళ్ల పేరు దగ్గర ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, ఏ ఆటలో ఉన్నారో కింద రాసి ఉంటుంది. వెళ్లిపోతే చుక్క బూడిదరంగుకు మారుతుంది. ఆడుతూనే ఒకరికొకరు రాసుకోవచ్చు, మైకు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. మన కాలంలో కుర్రాళ్లు చాయ్ హోటల్ ముందు చేరి కబుర్లాడేవాళ్లు. ఇప్పటి కుర్రాళ్లు అక్కడ చేరుతున్నారు, అంతే తేడా.

దయావతి జాబితాలో ఉన్నవి రెండే పేర్లు. ఒకటి డిగ్రీ చదువుతున్న కూతురు బ్యూలాది, రెండోది కొడుకు ఎబెనేజర్‌ది. ఎబెనేజర్ జిన్నారం వైపు ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. బొంతపల్లిలో గది కిరాయికి తీసుకుని, చిన్ననాటి స్నేహితుడు జైపాల్‌తో కలిసి ఉంటున్నాడు. ఫ్యాక్టరీలో నిప్పు భయం కాబట్టి ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. డ్యూటీ దిగిన తరువాతైనా ఆ పిల్లవాడు ఫోను ఎత్తుతాడా అంటే ఎత్తడు. తల్లి ఎన్నిసార్లు మొత్తుకున్నా అదే తీరు. చివరికి బ్యూలాయే ఉపాయం చెప్పింది. అన్న ఫోను చూడడు గానీ లాంచర్‌లో మెసేజ్ పెడితే రెప్పపాటులో చూస్తాడని, ఎందుకంటే కళ్లు అక్కడే అతుక్కుని ఉంటాయని చెప్పి, అమ్మ పేరు మీద ఒక ఖాతా తెరిచి ఇచ్చింది.

అప్పటినుంచి దయావతికి ప్రాణం కుదుటపడింది. చుక్క పచ్చగా వెలిగిందంటే కొడుకు డ్యూటీ దిగి క్షేమంగా గది చేరినట్టే. "తిన్నవా?" అని రాసేది. "తిన్న" అని వచ్చేది. "ఏం కూర?" "గుడ్డు." ఇంతే వాళ్ల సంభాషణ. దేవునికి స్తోత్రం చెప్పుకుని ఆమె వంటింట్లోకి వెళ్లేది. నవ్వకండి. దూరాన కొడుకును పెట్టుకున్న తల్లికి ఆ ‘గుడ్డు’ అన్న ఒక్క మాట చాలు, ఆ రోజుకు కడుపు నిండుతుంది.

పైకి చూస్తే ఇందులో చెడేమీ లేదు కదా. చెడు లోపల ఉంది. అది చెప్పాలంటే గేటు పాసు సంగతి చెప్పాలి.

పాసు ఎబెనేజర్‌ది. దాని మీద అతని పేరు, అతని ఫొటో ఉన్నాయి. కానీ ఆ ఫొటో చూసేదెవరు? హెల్మెట్, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని గుంపుగా లోపలికి పోయేవాళ్లంతా ఒకేలా కనిపిస్తారు. జైపాల్‌కు పాసు లేదు. కొత్త మనిషిని తీసుకోవాలంటే డాక్టరు పరీక్ష చేయించాలి, ప్రమాదం జరిగితే ఏం చేయాలో నేర్పే క్లాసులో కూర్చోబెట్టాలి, పీఎఫ్ కట్టాలి, బీమా చేయించాలి. ఈ తలనొప్పులన్నీ ఎందుకని కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న సుధీర్ ఎప్పుడడిగినా ‘సూద్దాం’ అంటూ జైపాల్‌ను దాటవేస్తూ వచ్చాడు. అయితే ఎబెనేజర్ రాని రోజు అతని పేరు మీద జైపాల్ వస్తే మాత్రం కాదనడు. ఇలాంటివాళ్లకు మనుషులతో పని లేదు. తలల లెక్క సరిపోతే చాలు.

ఆ ప్రాంతంలో దీన్ని ‘పేరు మీద పోవుడు’ అంటారు. అన్న పేరు మీద తమ్ముడు పోతాడు, మామ పేరు మీద అల్లుడు పోతాడు. ఎవరూ దీన్ని మోసం అనుకోరు, సాయం అనుకుంటారు. ఎబెనేజర్ శనివారాలు పటాన్‌చెరులో మిషను పని నేర్చుకునే క్లాసుకు వెళ్లేవాడు. ఆ శనివారాలన్నీ అతని పేరు మీద జైపాల్ డ్యూటీ చేసేవాడు. ఈ సంగతి రెండిళ్లలోనూ తెలుసు. జైపాల్ తల్లి బక్కమ్మ, పటేల్‌గూడలోనే వెనక గల్లీలో ఉంటూ అపార్ట్‌మెంట్లలో పాచిపని చేస్తుంది. అందరూ ఎబ్బి అని పిలిచే ఎబెనేజర్ పుణ్యాన తన కొడుకుకు వారానికి ఒక రోజైనా పని దొరుకుతోందని ఆమె దయావతికి దండం పెట్టినంత పని చేసేది. దయావతి కూడా మురిసిపోయేది. పిల్లలకు ఒకరి మీద ఒకరికి ఇంత ప్రేమ ఉందంటే పెంపకం మంచిదేననుకునేది.

ఆమెకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పాసు ఎలాగో లాంచర్ ఖాతా కూడా అలాగే. ఆట కొన్నది ఎబెనేజర్, కంప్యూటరు అతనిది, ఖాతా అతని పేరు మీదే. కానీ స్నేహితుని దగ్గర పాస్‌వర్డ్ దాచుకుంటే అదేం స్నేహం? గదిలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు అదే పేరుతో ఆడేవాళ్లు. బయటివాళ్లకు కనిపించేది ఒక్క చుక్కే.

వేసవి సెలవుల్లో ఒక శనివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక దయావతి మామిడికాయ ముక్కలు ఎండబెట్టి లోపలికి వస్తుంటే, బ్యూలా ఫోను పట్టుకుని నిలబడిపోయి ఉంది. ఎవరో పంపిన వీడియో. జిన్నారం వైపు ఆకాశమంత నల్లటి పొగ. కింద ఫ్యాక్టరీ పేరు రాసి ఉంది.

దయావతి కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. చుక్క పచ్చగా ఉంది. కళ్లు నమ్మలేక దగ్గరికి వంగి చూసింది. ఎబెనేజర్ ఆటలో ఉన్నాడని కింద రాసి ఉంది. "ఏడున్నవ్ బిడ్డా?" అని కొట్టింది.

"రూంల" అని జవాబు వచ్చింది. ఆ వెంటనే, "మంచిగున్న" అని ఇంకో మాట.

ఆమె అక్కడే మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే మాటలు తడబడ్డాయి. బ్యూలా కుర్చీలో కూర్చుని, ఫ్యాక్టరీలో మంటలు లేచిన సంగతి అన్నకు తెలుసా అని రాయబోయింది. ఆ మాట పూర్తికాకముందే చుక్క బూడిదరంగుకు మారింది. మంటల వల్ల ఆ వైపు కరెంటు ఆపేశారని తరువాత తెలిసింది. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. అది కొత్తేమీ కాదు కాబట్టి తల్లి భయపడలేదు.

అప్పుడే ఆమెకు శనివారం గుర్తుకువచ్చింది. కొడుకు క్లాసు నుంచి వచ్చి గదిలో ఉన్నాడంటే వాడి పేరు మీద లోపలికి పోయిందెవరు? జైపాల్ ఫోనుకు చేశారు. అదీ మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. డ్యూటీలో ఉంటే ఫోను గేటు దగ్గరే ఉంటుంది కదా. బక్కమ్మకు ఈ మాట ఎలా చెప్పాలి?

చెప్పక తప్పదు కాబట్టి చెప్పింది. ఏలీయా ఆటో తీశాడు. బ్యూలాను ఇంట్లో కంప్యూటర్ దగ్గర ఉంచి ముగ్గురూ బయలుదేరారు. దారి పొడుగునా బక్కమ్మ దయావతి చేయి వదల్లేదు. ఆమె ఏడవడం లేదు, ఎదురుగా పెరుగుతున్న పొగను చూస్తూ పెదాలు కదుపుతోంది. పక్కన కూర్చున్న దయావతి నోటితో ధైర్యం చెబుతూనే ఉంది. కానీ లోలోపల ఆమె మనసు ఒక్కటే మాట పదే పదే అనుకుంటోంది. నా కొడుకు కాదు, నా కొడుకు కాదు. ఆ మాటను అణచుకోవాలని చూసింది. అది అణగలేదు.

ఫ్యాక్టరీ గేటు ముందు తాడు కట్టి జనాన్ని ఆపారు. అగ్నిమాపక బండ్లు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. బయటపడ్డ కార్మికులు నేల మీద కూర్చుని దగ్గుతున్నారు, వాళ్లలో బీహారు పిల్లలే ఎక్కువ. సుధీర్ చెమటలు కక్కుతూ పేర్లు పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లందరూ పలికారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్క పేరు ఎబెనేజర్‌ది.

దయావతి జనాన్ని తోసుకుంటూ తాడు దాకా వెళ్లింది. తన కొడుకు బొంతపల్లిలో గదిలో ఉన్నాడని, అతని పాసు మీద లోపలికి పోయింది జైపాల్ అనే పిల్లవాడని అగ్నిమాపక అధికారికి చెప్పింది. సుధీర్ కంగారుగా కళ్లతో సైగ చేసి ఆమెను ఆపబోయాడు. ఆమె ఆగలేదు. తరగతిలో పాఠం చెప్పే గొంతుతో రెండోసారి కూడా అదే చెప్పింది. అధికారి ఆ పేరును తన మనుషులకు అందించి, జైపాల్ కోసం ఇంకా చూడని వెనక భాగంలో వెతకమన్నాడు.

వాళ్లు ముసుగులు సర్దుకుని లోపలికి పోయిన కాసేపటికి, ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని జైపాల్ వచ్చాడు. ఒంటి మీద బనియను, కాళ్లకు స్లిప్పర్లు. కరెంటు పోగానే చాయ్ తాగుదామని రోడ్డు మీదికి వచ్చాడట. అక్కడ మంటల సంగతి విని, గదిలో ఛార్జింగుకు పెట్టిన ఫోను సంగతే మరిచిపోయి దొరికిన బండి ఎక్కేశాడట.

బక్కమ్మ కొడుకును చూసి ముందు ఒక దెబ్బ కొట్టింది. ఆ తరువాత వాటేసుకుని, దారి పొడుగునా రాని ఏడుపంతా ఏడ్చింది. దయావతి కూడా కళ్లు తుడుచుకుంది. ఇద్దరు పిల్లలూ బతికి ఉన్నారు, ఇక కావలసిందేముంది? అందరికన్నా ఎక్కువ సంతోషించింది సుధీర్. అతను గబగబా అధికారి దగ్గరికి పోయి లెక్క తేల్చేశాడు. ఎబెనేజర్ గదిలో ఉన్నాడని కన్నతల్లే చెబుతోంది. జైపాల్ కళ్ల ముందు నిలబడి ఉన్నాడు. అంటే ఆ పాసు మీద ఇవాళ ఎవరూ రాలేదు, హాజరు ఊరికే పడింది. ఇలాంటివి మామూలే సార్ అని కూడా అన్నాడు.

మామూలే. ఆ మాటను జాగ్రత్తగా గమనించండి. పేర్లు తారుమారు కావడం ఎంత మామూలైపోయిందంటే, లోపల మనిషి లేడనే మాటను అందరూ సులువుగా నమ్మేశారు. వెనక భాగంలో రసాయనాల డ్రమ్ములు వేడెక్కుతున్నాయి. లేని మనిషి కోసం తన మనుషులను అక్కడికి పంపడం అధికారికి ఇష్టం లేకపోయింది. వెతకడం ఆపి బయటికి రమ్మని చెప్పాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు.

జైపాల్ ఎవరో ఇచ్చిన నీళ్లు తాగి, తల్లి చేతులు విడిపించుకుని, దయావతి దగ్గరికి వచ్చాడు.

"ఎబ్బి బయటికి వచ్చిండా ఆంటీ?" అని అడిగాడు.

దయావతి ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ ప్రశ్న ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"ఎబ్బి రూంల ఉన్నడు గద."

"లేడు ఆంటీ. పొద్దుగాల డ్యూటీకి పోయిండు. ఇయ్యాల నా వంతే. గని గేముల పోటీ ఉన్నదని, ఇయ్యాలొక్కరోజే ఉంటదని నేనే బతిమాలిన. క్లాసు ఇడిసిపెట్టి నా కోసం పోయిండు."

"మరి కంప్యూటర్ల నాకు జవాబిచ్చింది?"

జైపాల్ తల వంచుకున్నాడు. "నేనే. అమ్మ అడిగితే మంచిగున్న అని కొట్టు, లేకుంటే పరేషాన్ అయితదని వాడే చెప్పి పెట్టిండు."

ఏలీయా తాడు కిందినుంచి దూరి గేటు వైపు పరుగెత్తాడు. పోలీసులు పట్టుకున్నారు. దయావతి అధికారి చేయి పట్టుకుంది. ఆ వ్యక్తి ఎవరో, ఎంత పెద్దవాడో ఆమెకు పట్టలేదు.

"సార్, ఇందాక నేను చెప్పింది తప్పు. నా కొడుకు లోపలనే ఉన్నడు."

సుధీర్ అడ్డం వచ్చాడు. ఇందాక గదిలో ఉన్నాడన్నది ఆమే కదా, ఇప్పుడు లోపల ఉన్నాడంటోంది, ఏది నమ్మాలని అడిగాడు. అధికారి అతనివైపు ఒకసారి చూసి, ఆ లెక్క తరువాత తేల్చుకుందామన్నాడు. జైపాల్‌ను దగ్గరికి పిలిచి ఎబెనేజర్ ఎక్కడ పనిచేస్తాడని అడిగాడు. వెనక డ్రమ్ములు కడిగే షెడ్డులోనని, దాని పక్కనే బట్టలు మార్చుకునే చిన్న గది ఉందని జైపాల్ చెప్పాడు. దొంగ పేరు మీద పోయి తిరిగిన చోటు కాబట్టి అతనికి తెలుసు. ముసుగు మనుషులు మళ్లీ లోపలికి పోయారు.

ఆ తరువాత గడిచిన సమయం గురించి రాయడానికి నాకు చేతకావడం లేదు. బక్కమ్మ ఇప్పుడు కొడుకును పట్టుకోలేదు, దయావతిని పట్టుకుని కూర్చుంది. జైపాల్ గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. పొగ గాలికి ఒకవైపు వంగినప్పుడల్లా గేటు దగ్గర జనం లేచి నిలబడి మళ్లీ కూర్చుంటున్నారు.

చివరికి వాళ్లు బయటికి వచ్చారు. ఇద్దరు మనుషుల మధ్య, భుజాల మీద చేతులు వేసి, కాళ్లీడ్చుకుంటూ ఎబెనేజర్ నడిచి వస్తున్నాడు. మెడ చుట్టూ తడి చొక్కా ఉంది. తల్లిని చూసి ఏదో అనబోయి దగ్గాడు. ఆ దగ్గు కన్నా తీయని చప్పుడు దయావతి తన జన్మలో వినలేదు. ఏలీయా రోడ్డు మీదే కూర్చుని ముఖానికి తువ్వాలు కప్పుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. అగ్నిమాపక అధికారి టోపీ తీసి చెమట తుడుచుకుని, పక్కవాడిని బీడీ ఉందా అని అడిగి, ఎక్కడున్నాడో గుర్తుకువచ్చి తానే సిగ్గుపడ్డాడు. అందరూ నవ్వారు. అంతటి పొగలోనూ ఆ నవ్వు ఎంతో హాయిగా ఉంది.

పటాన్‌చెరు ఆస్పత్రిలో కొద్దిరోజులు ఉంచుకుని, ఊపిరితిత్తులకు భయం లేదని డాక్టర్లు పంపించేశారు. మంచం మీద పడుకుని ఎబెనేజర్ జరిగింది చెప్పాడు. మంట లేచినప్పుడు దారిలో పొగ నిండిపోయింది. బయటికి పరుగెత్తాలనిపించినా, చేరేటప్పుడు క్లాసులో చెప్పిన మాట గుర్తుకువచ్చింది. దారి కనబడకపోతే పొగలోకి పరుగెత్తొద్దు. తలుపు మూసి, సందుల్లో తడిబట్ట కుక్కి, నేలకు దగ్గరగా ఉండాలి. బట్టలు మార్చుకునే గదిలో దూరి, నల్లా విప్పి అలాగే చేశాడు. ఒకసారి బయట అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి, మళ్లీ దూరమైందట. తనను వదిలేసి పోయారనుకున్నాడట. ఆ మాట దగ్గర దయావతి లేచి వరండాలోకి వెళ్లిపోయింది.

జైపాల్ మంచం పక్కన నిలబడి అంతా విన్నాడు. ఆ క్లాసులో అతను ఏనాడూ కూర్చోలేదు.

"నేనైతే ఉరికేటోన్ని" అన్నాడు. "పొగలకే ఉరికేటోన్ని రా."

ఆ శనివారం జైపాలే వెళ్లి ఉంటే ఏమయ్యేదో గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. బక్కమ్మ కొడుకు వీపు మీద చేయి వేసి, ఆ చేతిని చాలాసేపు తీయలేదు. పాసు ఉన్న మనిషిని భద్రత క్లాసులో నేర్చుకున్నది కాపాడింది. ఆ క్లాసులో ఏనాడూ కూర్చోని మనిషికి అదే పాసు ఇచ్చి లోపలికి పంపడమంటే ఏమిటో ఆలోచించండి. అందులో స్నేహం ఉంది, పేదరికం ఉంది, మనిషిని చేర్చుకోకుండా పని మాత్రం చేయించుకోవాలనుకునే కాంట్రాక్టరు దురాశ ఉంది, గేటు దగ్గర ముఖం చూడని యాజమాన్యం అలసత్వం ఉంది. స్నేహాన్ని పొగడవచ్చు, పేదరికానికి జాలిపడవచ్చు. మిగతా రెండింటినీ క్షమించకూడదు.

విచారణ జరిగింది. సుధీర్ కనబడకుండా పోయాడు. ఇప్పుడు గేటు దగ్గర మాస్కు తీయించి ముఖం చూసి పంపుతున్నారు. ఎన్నాళ్లు చూస్తారో చెప్పలేను, చూస్తున్నంతకాలం మంచిదే. జైపాల్‌కు డాక్టరు పరీక్ష అయింది, క్లాసు అయింది, సొంత ఫొటోతో సొంత పాసు వచ్చింది. బ్యూలా అతనికి లాంచర్‌లో కూడా సొంత ఖాతా తెరిచి ఇచ్చింది, ఎబెనేజర్ తన పాస్‌వర్డ్ మార్చుకున్నాడు. దయావతి జాబితాలో ఇప్పుడు మూడు పేర్లున్నాయి. అయితే ఆమె రాతను నమ్మడం మానేసింది. మైకు పెట్టి గొంతు వినిపించమంటుంది. ఆట మధ్యలో, తోటి ఆటగాళ్లందరూ వింటుండగా, "వంకాయ కూర తిన్న మమ్మీ" అని ఎబెనేజర్ అరవాల్సి వస్తోంది. తోటి ఆటగాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

వాళ్ల చర్చి సంఘంలో ఆపద తప్పిన ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. ఒక ఆదివారం సాయంత్రం ఇంటిముందు షామియానా వేశారు. బగారన్నం, కోడికూర వాసన గల్లీ చివరిదాకా వచ్చింది. సంఘంవాళ్లతోపాటు ఫ్యాక్టరీ కార్మికులు చాలామంది వచ్చారు. బక్కమ్మ పొద్దుటినుంచీ అక్కడే ఉండి వంటకు సాయం పట్టింది. పాస్టరు అయ్యగారు బైబిలు వాక్యం చదివి ప్రార్థన చేశాక, సాక్ష్యం చెప్పమని దయావతిని పిలిచారు. దేవుడు కొడుకును కాపాడిన సంగతి చెబుతుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

ఆమె ఆ సంగతి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, బక్కమ్మ కూర్చున్న వైపు తిరిగింది.

"ఆ దినం నాకు రెండుసార్లు పానం లేచి వచ్చింది. రెండోసారిది దేవుడు ఇచ్చింది. మొదటిసారిది మాత్రం నా కొడుకు కాదు, బక్కమ్మక్క కొడుకని వచ్చింది. ఆటోల అక్క నా చెయ్యి పట్టుకొని ఉంటే, నేను లోపల సంబురపడ్డ. అక్కా, నన్ను మాఫ్ చెయ్యి."

బక్కమ్మ వెనక వరుసలోనే లేచి నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మాట్లాడింది.

"గట్లనకు చెల్లె. గేటుకాడ నా జైపాల్ కనబడంగనే నీ కొడుకు నాకు యాదికే రాలె. నేను గూడ గంతే. తల్లి పానం గట్లనే ఉంటది."

ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దయావతి గొంతు సవరించుకుని, ముందువరుసలో కూర్చున్న కొడుకునూ జైపాల్‌నూ చూసింది. ఆ వెనక ఉన్న ఫ్యాక్టరీ పిల్లలందరినీ చూసింది. వాళ్లలో ఎందరి జేబుల్లో ఇంకొకరి పాసు ఉందో ఆమెకు తెలియదు.

"బిడ్డలారా, మీకు ఒకరి మీద ఒకరికి ప్రేముంటే తినే ముద్ద పంచుకోండ్రి, తొడిగే అంగి ఇచ్చుకోండ్రి, నేను వద్దన. మీ పేరు మాత్రం ఎవ్వలకు ఇయ్యకుండ్రి. ఆపదల మీరు ఏడున్నరో తెల్వనప్పుడు, మిమ్మల్ని వెతుకనీకి మా చేతుల ఉండేది ఆ పేరొక్కటే."